ఆ 90 సెకన్లు ఎవరి ఖాతాలో?

"అప్రోచ్, ఉన్నారా?"

2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం అమెరికాలో న్యూయార్క్ పక్కనున్న నెవార్క్ విమానాశ్రయంలో దిగబోతున్న విమానం నుంచి పైలట్ అడిగిన మాట ఇది. 'అప్రోచ్' అంటే దిగే విమానాలకు నేల మీద నుంచి దారి చూపే కంట్రోలర్లు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. మళ్లీ లేదు. అవతల ఫిలడెల్ఫియాలో కూర్చున్న కంట్రోలర్లకు ఆ పిలుపు వినపడటం లేదు. వాళ్ల ముందున్న రాడార్ స్క్రీన్లు కూడా నల్లబడ్డాయి. అటు చూపూ లేదు, ఇటు మాటా లేదు. సుమారు నిమిషంన్నర పాటు అంతే.

తర్వాతి కథ పాఠకులకు తెలిసిందే. ఆ షాక్ నుంచి తేరుకోవడానికి కొందరు కంట్రోలర్లు ట్రామా సెలవు మీద వెళ్లారు, వందల విమానాలు రద్దయ్యాయి. ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నల టికెట్లు న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే విమానాశ్రయానికి మార్చుకోవాలా వద్దా అని న్యూజెర్సీ ఎడిసన్‌లో మనవాళ్లు తర్జనభర్జన పడ్డారు. అధికారులు విచారం వ్యక్తం చేశారు. అది వాళ్లకు అలవాటే.

నన్ను వదలనిది ఆ నిమిషంన్నర. ఓ చిన్న లెక్క వేద్దాం. అమెరికాలో 10,000 అడుగుల కింద విమానం 250 నాట్ల వేగం దాటకూడదు. అంటే గంటకు 463 కిలోమీటర్లు. ఆ లెక్కన 90 సెకన్లలో పదకొండున్నర కిలోమీటర్లు పోతుంది. విమానాశ్రయం చుట్టుపక్కల ఒకే ఎత్తులో ఉన్న రెండు విమానాల మధ్య మామూలుగా ఉండాల్సిన ఎడం 3 నాటికల్ మైళ్లు, ఐదున్నర కిలోమీటర్లు. అంటే కంట్రోలర్ కళ్లకు గంతలు కట్టిన ఆ కాసేపట్లో ఒక్కో విమానం ఆ ఎడానికి రెట్టింపు దూరం వెళ్లగలదు. రెండూ ఎదురెదురుగా వస్తుంటే మిగతా లెక్క మీరే వేసుకోండి.

ఆకాశంలో డివైడర్లుండవు. ఒక మనిషి చూస్తూ, చెబుతూ, చెప్పింది తిరిగి చెప్పించుకుంటూ ఉన్నంతసేపే ఆ ఎడం ఉంటుంది.

"ఏం కాలేదు కదా, ఎందుకింత టెన్షన్?" అనేవాళ్లున్నారు. స్క్రీన్ పోయినా పైలట్లకు పద్ధతులున్నాయి, ఢీకొనే ప్రమాదాన్ని ముందే పసిగట్టే యంత్రం కాక్‌పిట్‌లోనే ఉంది, ఆ రోజు ఒక్క విమానం కూడా మరోదాన్ని తాకలేదు అంటారు. నిజమే. కాకపోతే నేలకు బాగా దగ్గరగా వచ్చాక ఆ యంత్రం "పైకి లేవు, కిందికి దిగు" అని చెప్పడం మానేస్తుంది, దాన్ని అలాగే తయారుచేశారు. 2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్‌లో ప్రయాణికుల విమానం, సైనిక హెలికాప్టర్ గుద్దుకున్నది అంత తక్కువ ఎత్తులోనే. 67 మంది పోయారు.

ఆ ప్రమాదంలో ఒక ముక్క దగ్గర కాసేపు ఆగాలి. విమానం వెనక నుంచి వెళ్లమని విమానాశ్రయ కంట్రోల్ టవర్ హెలికాప్టర్‌కు చెప్పింది. సరిగ్గా అదే క్షణంలో హెలికాప్టర్‌లో ఎవరో మైకు మీట నొక్కారు. ఈ రేడియోలో మీట నొక్కినంతసేపూ అవతలి మాట వినపడదు. నొక్కింది సెకను కూడా కాదు, 0.8 సెకన్లు. 'వెనక నుంచి వెళ్లు' అన్న ముక్క వాళ్ల చెవిన పడి ఉండకపోవచ్చని దర్యాప్తు సంస్థ చెప్పింది. ఆ రాత్రి టవర్‌లో హెలికాప్టర్లనూ విమానాలనూ చూస్తున్నది ఒకే కంట్రోలర్.

మనకిది కొత్తేం కాదు. 1996 నవంబర్ 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం పైకి వెళుతోంది, కజకిస్తాన్ విమానం కిందికి దిగుతోంది. ఒకరికి 14,000 అడుగులు, మరొకరికి 15,000. మధ్యలో వెయ్యి అడుగుల ఎడం. ఎవరు ఎంత ఎత్తులో ఉన్నారో చూపించే రాడార్ అప్పటికి ఢిల్లీలో పనిలోకి రాలేదు. పైలట్ రేడియోలో ఎంతంటే కంట్రోలర్‌కు అంతే. కజక్ విమానం 15,000 దగ్గర ఆగలేదు. 349 మందిలో ఒక్కరూ మిగల్లేదు. తప్పు కజక్ సిబ్బందిదని, వాళ్ల ఇంగ్లిష్ అంతంతమాత్రమని విచారణ తేల్చింది. కాదనను. కానీ 349 ప్రాణాలకూ రెండో కాపలా లేకుండా ఒక్క మాట మీదే వదిలేసిందెవరు?

నెవార్క్‌కు వద్దాం. అక్కడ తెగింది ఒక లైను. నెవార్క్ విమానాలను చూసే పనిని 2024 జూలైలో న్యూయార్క్ నుంచి ఫిలడెల్ఫియాకు మార్చారు. రాడార్ సమాచారం మాత్రం న్యూయార్క్ వైపు నుంచే టెలికాం లైన్ల మీద రావాలి. ఆ లైను పోయింది, బదులుగా ఉన్న లైను వెంటనే అందుకోలేదు. గొడవయ్యాక రాగి తీగలు తీసి ఫైబర్ వేస్తామన్నారు. ఈ బుద్ధి పని మార్చకముందు ఏమైందో! పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

నవ్వుకునేలోపు మన ఇంటికీ వచ్చింది. 2025 నవంబర్‌లో ఢిల్లీలో ఫ్లైట్ ప్లాన్లను కంట్రోలర్లకు చేరవేసే సిస్టమ్ మొరాయించింది. చేత్తో చేసుకుంటూ కూర్చున్నారు. ఆలస్యమైన విమానాలు 800కు పైనే. ఆటోమేషన్ సిస్టమ్‌లు నెమ్మదిస్తున్నాయని జూలైలోనే చెప్పామని కంట్రోలర్ల సంఘం అంది.

మన దగ్గర రిబ్బన్ కట్ చేయడానికి వీలున్న దానికే డబ్బొస్తుంది. 2014లో 74 ఉన్న విమానాశ్రయాలు రెట్టింపు దాటాయని ప్రభుత్వం గర్వంగా చెబుతుంది. విమానయాన శాఖ మన శ్రీకాకుళం ఎంపీ చేతిలోనే ఉంది, భోగాపురం టెర్మినల్ ఫొటోలు చూసి నేనూ మురిసిపోయాను. కానీ సర్వర్ మార్చినందుకు శిలాఫలకం వేయరు. ఖాళీగా ఉన్న కంట్రోలర్ కుర్చీలో మనిషిని కూర్చోబెట్టినందుకు ఎవరూ ఫ్లెక్సీ కట్టరు. రోడ్డు వేసి డ్రైనేజీ మరిచిపోయే బుద్ధే, ఆస్పత్రి కట్టి నర్సుల్ని వేయని బుద్ధే ఆకాశానికీ ఎక్కింది. రిపేరు ఖర్చును ఎవరూ ఖర్చుగా చూడరు, దండగ అనుకుంటారు. తీరా తెగాక డ్యూటీలో ఉన్న మనిషిని వెతుకుతారు.

ఆ మనిషి ఏమంటున్నాడో వినే దారే లేదు. నెవార్క్ స్క్రీన్లు 2025 మే 9 తెల్లవారుజామున, నాలుగు కావస్తుండగా మళ్లీ నల్లబడ్డాయి. అప్పుడు ఓ సరుకు విమానాన్ని పక్క కంట్రోలర్‌కు అప్పగిస్తూ అక్కడి కంట్రోలర్ రేడియోలోనే పైలట్‌తో చెప్పుకున్నాడు: మా స్క్రీన్లు మళ్లీ పోయాయి, నీకేమైనా పట్టింపు ఉంటే మీ కంపెనీకి చెప్పు, వీటిని బాగు చేయించమని వాళ్లనైనా ఒత్తిడి తెమ్మను.