బండి మనదే, సెల్ ఎవరిది?

కొత్త ఎలక్ట్రిక్ కారు వచ్చిన ప్రతిసారీ స్వదేశీ అంటూ డప్పు మోగుతుంది. బాడీ మనదే, డిజైన్ మనదే. సీట్ల కింద బ్యాటరీ మూత తీస్తే మాత్రం కథ వేరు. మహీంద్రా బీఈ 6నే చూడండి: ప్యాక్ ఇక్కడే కూర్చినా లోపల కరెంటు దాచే సెల్స్ చైనా కంపెనీ బీవైడీవి.

చౌకగా దొరికినప్పుడు కొనుక్కుంటే పోలా అంటారు. మారుతీ కూడా 1983లో విడిభాగాలు తెచ్చి బిగించే మొదలైంది కదా అంటారు. నిజమే, కానీ సుజుకీ మారుతీలో వాటాదారు. సెల్ అమ్మేవాడికి మన కార్ల కంపెనీలో ఏ వాటా ఉంది? పైగా ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్‌లోని క్యాథోడ్, అంటే ధన ధ్రువం, తయారీ పరిజ్ఞానం బయటికి పోకుండా చైనా 2025 జులైలో ఆంక్షలు పెట్టింది.

యంత్రాలు కొంటే సెల్ రాదు. క్యాథోడ్ పొడిని ద్రావకంలో కలిపి అల్యూమినియం రేకు మీద పూస్తారు, రుణ ధ్రువమయ్యే గ్రాఫైట్‌ను ఏడెనిమిది మైక్రాన్ల రాగి రేకు మీద. పూత ఒక చోట మందమైతే ఆ చోటు ముందే అలిసిపోతుంది. రేకు కోసిన అంచున ముల్లులాంటి బర్ మిగిలితే రెండు ధ్రువాలనూ విడదీసే సెపరేటర్ పొరను పొడిచి లోపలే షార్ట్ చేస్తుంది. సెల్‌లో పోసే ద్రవం ఎలక్ట్రోలైట్‌కు తేమ తగిలిందా, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అందుకే డ్రై రూమ్ గాలి మంచుబిందు స్థానాన్ని (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రతను) మైనస్ 40 డిగ్రీలకు దిగువన ఉంచుతారు. లోపలికి ఎందరు వెళ్లాలో కూడా లెక్కే, మనిషి ఊపిరిలోనే అంత తేమ! ఇన్ని దాటాక మొదటి ఛార్జింగ్ నెమ్మదిగా చేసి, రోజుల తరబడి నిల్వ ఉంచి పరీక్షిస్తారు. సెల్ ఖర్చులో సింహభాగం ముడిసరుకుదే కనుక, వందలో పది చెత్తబుట్టకు పోతే లాభమూ వాటితోనే పోతుంది.

2021లో కేంద్రం 50 గిగావాట్ అవర్ల (కరెంటు నిల్వకు కొలమానం) సెల్ తయారీకి 18,100 కోట్లు ప్రకటించింది. ఆ ప్రోత్సాహకం సెల్ అమ్మాకే చేతికొస్తుంది. డబ్బు కాలేది అంతకుముందు, చెత్త తగ్గించడం నేర్చుకునే రెండు మూడేళ్లలో.

అసలు మన జబ్బే ఇది: శంకుస్థాపనకు ఉన్న మోజు షిఫ్ట్ టెక్నీషియన్ మీద ఉండదు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా 16 గిగావాట్ అవర్ల సెల్ ఫ్యాక్టరీ తలపెట్టింది. దాన్ని నడిపేది ఐఐటీ పట్టాలు కాదు, రేకు మీద పూసే స్లర్రీ చిక్కదనం చూపుతోనే పట్టేసే డిప్లొమా కుర్రాళ్లు. ఆ 18,100 కోట్లలో పిసరంత తీసి పాలమూరు పాలిటెక్నిక్‌లో చిన్న కోటింగ్ లైన్ పెట్టండి. వెయ్యి మీటర్ల రేకు పాడుచేసినా పిల్లల్ని ఎవరూ తిట్టకండి.