సోఫియా లోరెన్ కంటే ముందే మేరీ గార్డెన్ సెంటు

కళాకారుల పేర్లతో సెంట్లు అమ్మడం 1981లో ఇటలీ సినీ నటి సోఫియా లోరెన్‌తో మొదలైందని, అంతకుముందు తారలు ప్రకటనల్లో కనిపించారే తప్ప సీసా మీద వారి పేరు ఉండేది కాదని, సినిమా లేకపోతే ఈ వ్యాపారమే పుట్టేది కాదని ఒక మాట విస్తృతంగా చెలామణి అవుతోంది. కోటీ సంస్థ లోరెన్ పేరిట ‘సోఫియా’ అనే సెంటు అమ్మిన మాట నిజమే. మిగిలినదేదీ నిలవదు.

లోరెన్ పుట్టింది 1934లో. పారిస్‌లోని రిగో సంస్థ 1910 దశకంలోనే ‘మేరీ గార్డెన్’ సెంటును అమ్మింది. మేరీ గార్డెన్ స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో పుట్టిన ఒపెరా (పాటలతో నడిచే నాటకం) గాయని. 1900 ఏప్రిల్ 10న పారిస్‌లోని ఒపెరా కొమిక్ రంగశాలలో ‘లూయీజ్’ అనే ఒపెరా ప్రదర్శన నడుస్తుండగా నాయిక వేషం కట్టిన గాయని అస్వస్థతకు గురైతే, మూడో అంకం నుంచి ఆ పాత్రను ఈమె అందుకున్నారు. ఆ అంకం మొదలవుతూనే నాయిక పాడవలసిన పాటే ఆ ఒపెరా మొత్తానికీ ప్రసిద్ధమైనది. అప్పటివరకు పారిస్ ఎరుగని గొంతు ఆ పాటతోనే సభను గెలుచుకుంది. రెండేళ్లకు ఫ్రెంచి స్వరకర్త డెబ్యుసీ ఒపెరాలో మెలిజాంద్ పాత్రను తొలిసారి పోషించిందీ ఆమే. ఇంతటి గాయని పేరు ఈ చరిత్రలో కనిపించకపోవడం నాకు బాధగా ఉంది.

సీసా మీద పేరు ఉండేది కాదనడానికి చాలామంది జివాన్షీ సంస్థ వారి ‘లాంతెర్దీ’ని చూపిస్తారు. 1957లో వచ్చిన ఆ సెంటుకు ప్రచారం సినీ నటి ఆడ్రీ హెప్బర్న్ ముఖంతో సాగింది, పేరు మాత్రం ఆమెది కాదు. అది ఆ ఒక్క సెంటు సంగతి. రిగో సరుకుకు గాయని పేరే పేరు. సెంటుతో పాటు టాల్కమ్ పౌడరు, ముఖానికి రాసుకునే పౌడరు కూడా అదే పేరుతో అమ్ముడయ్యాయి.

ఇక సినిమా లేకపోతే అన్న వాదన. లూమియేర్ సోదరులు పారిస్‌లో టికెట్టు పెట్టి కదిలే బొమ్మలు చూపింది 1895 డిసెంబరులో. అంతకు ఐదేళ్ల ముందే, 1890లో, ఫ్రెంచి చిత్రకారుడు జూల్ షెరే గీసిన రంగుల పోస్టరు మీద ‘లా డియాఫాన్’ అనే బియ్యప్పిండి పౌడరు పేరుతో పాటు నటి సారా బెర్నార్ట్ పేరు, బొమ్మ ఉన్నాయి. అది పౌడరే గనుక సెంట్ల లెక్కలో దాన్ని నేను చేర్చడం లేదు. అయినా రంగస్థలం మీది పేరు అలంకరణ సామగ్రిని అమ్మిపెట్టగలదనడానికి ఆ పోస్టరు చాలు. ఇంకా వెనక్కి వెళితే, 1850లో గాయని జెన్నీ లిండ్ అమెరికా వెళ్లినప్పుడు చేతి తొడుగులు, శాలువలు, టోపీలు, కుర్చీలు, చివరికి పియానోలు కూడా ఆమె పేరుతో అమ్మారు.