వింటేజ్ నంబరు ఇచ్చి షెడ్డులోనే ఉంచమంటే ఎలా?

యాభై ఏళ్లు దాటిన కార్లను దిగుమతి చేసుకోవడానికి కేంద్రం 2025లో అనుమతించింది. అంతకుముందు 1950కి ముందు తయారైన వాటికే ఆ వెసులుబాటు ఉండేది. ఇది మంచి నిర్ణయమే. కానీ ఓడ దిగిన ఆ కారు రోడ్డెక్కాలంటే 2021 జులైలో వచ్చిన వింటేజ్ (యాభై ఏళ్లు దాటిన) వాహనాల నిబంధనలను దాటాలి. వాటిలో రిజిస్ట్రేషన్ భాగానికి వంక పెట్టలేం. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సమయంలో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం), బీమా పత్రం జతచేసి 20 వేల రూపాయలు కడితే 60 రోజుల్లో ఆర్‌సీ ఇవ్వాలి. అది పదేళ్లు చెల్లుతుంది. నంబరు పలకపై రాష్ట్ర కోడ్ పక్కన ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అసలు చిక్కు నంబరు వచ్చాకే మొదలవుతుంది.

ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, వింటేజ్ ర్యాలీ, ఇంధనం, మరమ్మతు: ఈ పనులకు తప్ప ఆ కారును బయటికి తీయకూడదు. ఆదివారం తెల్లవారుజామున ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి బీదర్ కోట దాకా వెళ్లొస్తే అది ఉల్లంఘనే. సుంకాలన్నీ కట్టి, కాగితాలన్నీ సరిచూసుకున్న యజమాని ట్రాఫిక్ పోలీసుకు ఏ ర్యాలీ పేరు చెప్పాలి?

కారు నిలబెడితే చెడుతుంది. ఇది ఏ మెకానిక్‌ను అడిగినా చెప్పే మాట. కార్బురేటర్‌లో పెట్రోలు జిగురుగా మారుతుంది, రబ్బరు సీళ్లు ఎండి పగులుతాయి, బ్రేకు సిలిండర్లు తుప్పు పడతాయి, టైర్లు ఒకవైపు అణిగిపోతాయి. ఏడాదికి ఒకటి రెండు ప్రదర్శనలకు మాత్రమే కదిలే యంత్రం మెల్లగా శిథిలమవుతుంది. చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం ఆర్డరిచ్చిన 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్‌ను అద్దాల వెనుక ఉంచడం సబబే, అది మ్యూజియం వస్తువు. ఊళ్లో ఉన్న ప్రతి పాత కారునూ అలాగే చూడాలనడం మాత్రం సబబు కాదు.

కారుతో పాటు దాన్ని బతికించే చేతులనూ పోగొట్టుకుంటున్నాం. దొరకని విడిభాగాన్ని లేత్ మీద తిప్పి తీసే మేస్త్రీ, తుప్పు పట్టిన రేకును సుత్తితో పాత వంపుకు తెచ్చే టింకరింగ్ పనివాడు, చెవిని ఇంజన్ దగ్గర పెట్టి టైమింగ్ సరిచేసే వృద్ధ మెకానిక్: వీళ్ల విద్య పుస్తకాల్లో లేదు. కార్లు తిరిగితే వాళ్లకు పని, పని ఉంటే పక్కన నేర్చుకునే కుర్రాడు. నేత, లోహపు పని, బొమ్మల తయారీ వంటి వాటి విషయంలోనూ ఇదే జరిగింది. వస్తువుకు గౌరవం ఇచ్చాం, చేసిన చేతిని మరిచాం. వారసత్వమంటే మన ప్రభుత్వాలకు ఇంకా వస్తువే.

వింటేజ్ నంబరుకు పెట్టిన ‘అసలు రూపం’ షరతులోనూ ఆ చూపే ఉంది. చాసిస్ (కారు చట్రం), బాడీ, ఇంజన్ గణనీయంగా మారకూడదట. దిగుమతులకు, పరిశ్రమలకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరైన లైసెన్స్ రాజ్ కాలంలో విదేశీ విడిభాగాలు దొరక్క ఎన్నో అమెరికన్ కార్లకు అంబాసిడర్ ఇంజనో, డీజిల్ ఇంజనో బిగించి నడిపించారు. అది ఈ దేశపు మెకానిక్ తెలివి, ఈ దేశపు చరిత్ర. ఇక్కడి కష్టకాలాన్ని దాటొచ్చిన ఆ కార్లు ఈ షరతు దగ్గర ఆగిపోతే, విదేశీ గ్యారేజీలో మెరుగులు దిద్దుకుని నిన్న దిగిన కారు దాటిపోతుంది.

కాలుష్యం, భద్రత, ధనికుల సరదా అన్న అభ్యంతరాలు ఉన్నాయి. నిజమే, పాత ఇంజన్ పొగ ఎక్కువే వదులుతుంది. ఆ భయానికి మందు ఏడాదికి కిలోమీటర్ల పరిమితి, మామూలు ప్రయాణాలపై సంపూర్ణ నిషేధం కాదు. ఇక ధనికుల మాటకొస్తే, మరమ్మతు కూలీ అందుకునేది ధనికుడు కాదు.

వయసు లెక్క ఇంకా విడ్డూరం. జర్మనీలో 30 ఏళ్లు నిండి, మంచి స్థితిలో ఉన్న కారుకు చారిత్రక నంబరు ఇస్తారు, దానితో రోజూ తిరగవచ్చు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటితే రోడ్డు పన్ను ఉండదు. మన దగ్గర 50. అప్పటిదాకా ఏం జరుగుతుంది? 2025 ఆగస్టులో పెంచిన రుసుముల ప్రకారం 20 ఏళ్లు దాటిన దిగుమతి కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు 80 వేల రూపాయలు. అదే కారు యాభై దాటి వింటేజ్‌గా నమోదైతే, తర్వాతి పునరుద్ధరణ 5 వేలే. అంటే మధ్య వయసులో పిండి, తుక్కుకు తోసి, తట్టుకుని మిగిలినదానికి వృద్ధాప్యంలో సన్మానం చేస్తున్నాం.

వయసును 30కి దించాలి. ఓడోమీటర్ లెక్కతో ఏడాదికి మూడు నాలుగు వేల కిలోమీటర్ల స్వేచ్ఛ ఇవ్వాలి. ఇక్కడే మార్పులు జరిగిన పాత కార్లకు, ఆ మార్పుల వివరాలు ఆర్‌సీలో రాసి, వేరే తరగతి కింద చోటు కల్పించాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 2021 నిబంధనలను తెచ్చిన శాఖే మరో నోటిఫికేషన్‌తో వాటిని సవరించగలదు.