భూసార కార్డులో ఎవరూ చదవని గడి

కేంద్రం 2015 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన సాయిల్ హెల్త్ కార్డులో 12 గడులుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్: ఈ తొమ్మిదింటిలో ఏది తక్కువని రాసినా ఎరువుల దుకాణంలో దానికో బస్తానో ప్యాకెట్టో దొరుకుతుంది. నేల చౌడుబారితే జిప్సం వేయమంటారు, పుల్లబారితే సున్నం. సేంద్రియ కర్బనం, అంటే ఆకు, వేరు, పేడ కుళ్లి నేలలో నిలిచే కర్బనం, అన్న గడికి మాత్రం దుకాణంలో సరుకు లేదు. అందుకే దాని ఎదురుగా ‘తక్కువ’ అని అచ్చయినా రైతు పట్టించుకోడు, డీలర్ పట్టించుకోడు, సబ్సిడీ లెక్కలు వేసేవాళ్లూ పట్టించుకోరు. నిజానికి మిగతా గడులు చూసి వేసిన ఎరువులో పంట నోటికి ఎంత అందుతుందో తేల్చేది చాలావరకు ఆ గడే.

కర్బనం 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని లెక్క. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఎర్ర చెల్కల్లో చాలా చేలు ఆ మొదటి గీత దాటవు. కారణం వెతుక్కోనక్కర్లేదు, ఎండే. నేలలో వేడి 10 డిగ్రీలు పెరిగితే సూక్ష్మజీవులు కర్బనాన్ని తినే వేగం దాదాపు రెట్టింపవుతుంది. దున్ని వదిలేసిన చెల్క మార్చి నుంచి జూన్ దాకా నీడ లేకుండా కాగుతుంది. పైగా చెల్కలో బంకమట్టి తక్కువ. రేగడిలో బంక రేణువులు కర్బనాన్ని పట్టి దాచుకుంటాయి, ఇసుక ఎక్కువున్న నేలకు దాచుకునే ఆ చోటు కూడా లేదు.

పెంట తోలితే సరిపోదా అంటారు. లెక్క వేసి చూద్దాం. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. కర్బనం 0.1 శాతం పెరగాలంటే అందులో 900 కిలోల కర్బనం నిలవాలి. టన్ను పశువుల ఎరువులో సగం నీరే. కర్బనం 150 కిలోలు ఉందనుకుంటే, ఏడాది తిరిగేసరికి మట్టిలో మిగిలేది అయిదో వంతు, అంటే 30 కిలోలు. ఏటా 4 టన్నుల చొప్పున తోలినా ఏడెనిమిదేళ్లు పడుతుంది. అదీ ఉన్న కర్బనం కరగకుండా ఉంటేనే.

డబ్బు సంగతి ఇంకా కఠినం. ఆ 4 టన్నుల పెంటలో ఉండే నత్రజని 20 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలోనూ అంతే ఉంటుంది, ధర రూ.266.50. పెంటకు ట్రాక్టర్ కిరాయే అంతకు ఎన్నో రెట్లు. ఇక రైతు యూరియా వైపు మొగ్గడం తెలియనితనం ఎలా అవుతుంది? సబ్సిడీ ఏ దారి చూపిస్తే ఆ దారినే నడిచాడు. కాకపోతే వరి మడిలో వేసిన యూరియా నత్రజనిలో పైరుకు అందేది మూడో వంతు, మహా అయితే అయిదింట రెండు వంతులు. మిగతాది ఆవిరిగానో వాయువుగానో గాలిలో కలుస్తుంది, నీళ్లతో కిందికి దిగుతుంది.

పెంటతోనే పని జరగదంటే మరి దారేది? నగరం అంచున పటాన్‌చెరులో ఉన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడిలో సాగుతున్న ప్రయోగం దీనికి జవాబిచ్చింది. ఒక పక్క పాత పద్ధతి: వానాకాలం చేను ఖాళీ, యాసంగిలో పంట, రెండేళ్లకోసారి హెక్టారుకు 10 టన్నుల పెంట, రసాయన ఎరువు లేదు. ఇంకో పక్క వెడల్పాటి బోదెల మీద వానాకాలంలోనే జొన్న, కంది లాంటి పంటలు, మితంగా రసాయన ఎరువు. మొదటిదాంట్లో సగటు దిగుబడి హెక్టారుకు 1.1 టన్నులు, రెండోదాంట్లో 5.1. అసలు విశేషం, కర్బనం కూడా రెండోదాంట్లోనే ఎక్కువ చేరింది. పెంట తిన్న చేనులో తక్కువ, ఎరువు తిన్న చేనులో ఎక్కువ! వానాకాలం నాలుగు నెలలూ నేలలో బతికున్న వేర్లుండటం, కంది ఆకు రాలడం, ముంజేతి లోతున వేర్లు కుళ్లడం దీనికి కారణం. రసాయన ఎరువును పూర్తిగా తప్పుపట్టే సేంద్రియవాదులూ, బస్తానే నమ్ముకున్నవాళ్లూ ఇద్దరూ ఈ ఫలితాన్ని తీరిగ్గా చదవాలి.

కాబట్టి కర్బనాన్ని బయటి నుంచి తోలడం కన్నా చేనులోనే పండించడం తేలిక. మొదటి పని గడ్డిని కాల్చకపోవడం. టన్ను వరిగడ్డిలో 400 కిలోల కర్బనం, 5.5 కిలోల నత్రజని, 25 కిలోల దాకా పొటాష్ ఉంటాయి. నిప్పు పెడితే కర్బనం, నత్రజని దాదాపు మొత్తం పోతాయి. బూడిదలో మిగిలే పొటాష్‌ను తొలి వాన కొట్టుకుపోతుంది.

అయితే ‘కాల్చకండి’ అని పోస్టర్ వేసేవాళ్లు చెప్పని చిక్కొకటుంది. గడ్డిలో కర్బనం, నత్రజని సుమారు 73:1 నిష్పత్తిలో ఉంటాయి. దాన్ని కలియదున్నగానే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే లాక్కుంటాయి, పైరు పసుపుబారుతుంది. దమ్ము నీళ్లలో కుళ్లితే సేంద్రియ ఆమ్లాలు, హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి వేర్లు నల్లబడతాయి. మొక్క పీకి వాసన చూస్తే కుళ్లిన గుడ్డు కంపు. యాసంగి కోతకు, వానాకాలం నాట్లకు మధ్య రెండు నెలల వ్యవధి ఉంటుంది గనుక కష్టం లేదు: పదును ఉన్నప్పుడు దున్ని, ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, మూడు వారాలు వదిలేస్తే చాలు. చిక్కంతా నవంబరు, డిసెంబరుల్లో. వ్యవధి తక్కువ, చలికి కుళ్లడం నెమ్మది. అప్పుడు గడ్డిని కట్టలు కట్టించి పశువులకు పంపి, కొయ్యకాళ్లను మాత్రమే దున్నడం మంచిది. మొత్తం గడ్డిని దున్నేసి, పైరు పసుపుబారిందని ఇంకో బస్తా యూరియా వేస్తే రెండు విధాలా నష్టం.

రెండోది పచ్చిరొట్ట, అంటే పచ్చిగా ఉండగానే నేలలో దున్నేసే పైరు. జీలుగ ఎకరాకు 10, 12 కిలోలు, జనుము 12 నుంచి 15 కిలోలు. 45 రోజులకు, పూత మొదలయ్యే వేళ దున్నాలి. ఇంకో రెండు వారాలు ఆగితే కాండం నారగా మారి రోటవేటర్‌కు చుట్టుకుంటుంది, కుళ్లడానికి నెల పడుతుంది. రోటవేటర్‌నే ఏళ్ల తరబడి తిప్పినా తంటానే: జానెడు లోతు దగ్గర మట్టి గట్టి పలకలా తయారై మొక్కజొన్న వేర్లను కిందికి దిగనివ్వదు.

జీవామృతం గురించి ఒక మాట. 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి కలిపితే మొత్తం నత్రజని పావు కిలో దగ్గర తేలుతుంది. ఎకరం మొక్కజొన్నకు కావాల్సింది 70, 80 కిలోలు. జీవామృతం సూక్ష్మజీవులకు తోడు వేసే మజ్జిగ చుక్క లాంటిది. పాలే లేని గిన్నెలో తోడు వేసి పెరుగు కోసం చూడటం దండగ.

ఇదంతా పళ్లెం దాకా ఎలా వస్తుంది? జింకును చూడండి. నీరు నిలిచిన మడిలో, కర్బనం తక్కువగా ఉండి ఏటా భాస్వరం ఎరువైన డీఏపీ పోసిన నేలలో జింకు ఉన్నా పైరుకు అందదు. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ముదురు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ దుక్కిలో వేయాలి. డీఏపీతో కలిపితే రెండూ కలిసి కరగని పదార్థమవుతాయి. పైరు మీదైతే లీటరుకు 2 గ్రాములు, అయిదు రోజుల తేడాతో రెండుసార్లు. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ జింకు ఎక్కువుండే డీఆర్ఆర్ ధాన్ 45 రకాన్ని 2016లో తెచ్చింది. కానీ నేల ఇవ్వని జింకును ఏ విత్తనమూ పుట్టించలేదు.

ఇక్కడ అతిగా చెప్పకూడదు కూడా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణ మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత. చెల్క ఎరుపు ఇనుముదే, అయినా ఆ నేల మీద బతికేవాళ్లకు రక్తం లేదు. ఇందులో నేల వాటా కొంతే. తెల్లగా మెరిసేదాకా పాలిష్ పట్టిన బియ్యానిది, పప్పూ ఆకుకూరా తగ్గిన కంచానిది పెద్ద వాటా. నేలను బాగుచేసి మరలో తవుడు తీసేస్తే సగం పని చెడినట్టే.

నగరం కూడా తన వంతు ఇవ్వొచ్చు, జాగ్రత్తగా. చెరువు పూడిక మట్టి చెల్కకు వరం, బంకమట్టిని, తేమను తెస్తుంది; రేగడికి తోలితే దండగ. మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు చేరే నగర చెరువుల మట్టిని పరీక్ష లేకుండా పొలానికి ఎత్తకూడదు. చెత్త నుంచి చేసే సిటీ కంపోస్టుకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు హద్దులు పెట్టింది: కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5. రైతు అడగాల్సింది ధర కన్నా ముందు ఆ పరీక్ష కాగితం. తడి, పొడి చెత్త ఇంట్లోనే వేరు కాకపోతే ఆ హద్దుల్లో ఉండటం కష్టం.

కార్డు చదవడంలోనూ ఒక మెలకువ. గెట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప వేసిన చోట కాకుండా ఎనిమిది, పది చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్లు తవ్వి, కలిపి, అర కిలో మట్టి పంపాలి. కర్బనం 0.42 నుంచి 0.45కి మారిందని సంబరపడొద్దు, అది పరీక్షలో వచ్చే తేడా కావచ్చు. మూడేళ్లకోసారి, అదే నెలలో, అదే ల్యాబులో చేయిస్తే దిశ తెలుస్తుంది.

ప్రభుత్వం చేయాల్సిన వాటిలో ఖర్చు లేనిది ఒకటుంది, తేదీ. జూలై నడుమ నాట్లు పడాలంటే జీలుగ మే చివరికే చేనులో పడాలి. జూన్ 15న మండల కేంద్రంలో సబ్సిడీ విత్తనం కోసం క్యూ కట్టిన రైతు దాన్ని చల్లినా నాట్ల వేళకు 30 రోజుల పైరునే దున్నాలి, లేదా చల్లకుండా విత్తనం సంచిలోనే ఉంచాలి. సబ్సిడీ సొమ్ము రెండు సందర్భాల్లోనూ ఒకటే.