చివరి మెట్టు నిలువెత్తు

పోయిన ఆదివారం రామమూర్తినగర్‌లోని మా ఇంట్లో భోజనాలయ్యాక మొదలైన వాదం దీపాలు పెట్టే వేళ దాకా సాగింది. ఒక పక్క మా మామయ్య. చిత్తూరులో ముప్పై ఏళ్లు మందుల దుకాణం నడిపి, ఇప్పుడు బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటున్నారు. మరో పక్క మా చెల్లెలు. కుంగుబాటుకు ఐదేళ్లుగా ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు వాడుతోంది. రెండేళ్ల కిందట మానబోయి మంచం పట్టింది. మళ్లీ మొదలుపెట్టాక ఇప్పటి దాకా బాగుంది. ఈసారి డాక్టరుతో మాట్లాడి మెల్లగా మానాలని నిశ్చయించుకుంది. మామయ్యకు అది ససేమిరా ఇష్టం లేదు. ఇద్దరి మాటల్లోనూ బరువుంది కనుక గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

మామయ్య: బీపీ మాత్ర వేసుకునేవాళ్లను ఎవరైనా 'ఇంకా ఎన్నాళ్లు' అని అడుగుతారా? వేసుకుంటున్నావు, నిద్రపోతున్నావు, ఉద్యోగానికి వెళ్తున్నావు. నడుస్తున్న బండిని ఆపి విప్పి చూడడం దేనికమ్మా?

చెల్లెలు: ఎవరో అడిగారని కాదు మామయ్యా. జీవితాంతం అవసరమంటే సిగ్గుపడకుండా వేసుకుంటాను. కానీ ఈ మాత్ర వేసుకున్నప్పటి నుంచి నాకు ఏడుపు రాదు, సంతోషమూ నిండుగా రాదు. అమ్మమ్మ పోయిన రోజు అందరూ ఏడుస్తుంటే నేను పళ్లెంలో పూలు సర్దుతూ కూర్చున్నాను. నన్ను పెంచిన మనిషి మామయ్యా. ఒక్క చుక్క రాలేదు.

మామయ్య: (కాసేపు మాట్లాడలేదు. పోయింది ఆయన తల్లి.) చూశాను. ధైర్యంగా ఉన్నావనుకున్నాను. కానీ తల్లీ, లెక్క కూడా వినాలి. బ్రిటన్‌లో చేసిన పరిశోధన ఒకటి 2021లో అచ్చయింది. ఈ మందులు చాలాకాలంగా వాడుతూ బాగున్న 478 మందిని తీసుకుని, కొందరికి కొనసాగించారు, కొందరికి మాన్పించారు. ఏడాది తిరిగేసరికి కొనసాగించినవాళ్లలో నూటికి 39 మందికి జబ్బు తిరగబెట్టింది. మానినవాళ్లలో 56 మందికి. ఇది నేను భయంతో చెబుతున్న మాట కాదు.

చెల్లెలు: ఆ లెక్కలోనే మానినవాళ్లలో 44 మంది ఏడాదంతా నిలబడ్డారు. వాళ్లకు ఎలా మాన్పించారో కూడా చూడండి. చాలామందికి మొదటి నెల సగం మోతాదు, రెండో నెల ఆ సగమే రోజు విడిచి రోజు, ఆ తర్వాత సున్నా. అంత తొందరగా దింపితే, వచ్చిన బాధలో జబ్బు ఎంత, మందు మానినందువల్ల వచ్చింది ఎంత? విడదీయడం కష్టం.

మామయ్య: విడదీయడానికేముంది? నిన్ను చూసినవాణ్ణి నేను. మీ అమ్మ ఫోను చేస్తే రాత్రి బస్సెక్కి వచ్చాను. వంటింటి గడప మీద కూర్చుని ఉన్నావు. పొయ్యి మీద పాలు పొంగి, మాడి, వాసన వస్తున్నా లేచి కట్టేయలేదు. మొదటిసారి జబ్బు చేసినప్పుడూ అచ్చం అంతే.

చెల్లెలు: బయటికి అంతే. లోపల వేరు. మొదటిసారి జబ్బు మూడు నెలలు పట్టి మెల్లగా కమ్ముకుంది. ఎప్పుడు మొదలైందో కూడా చెప్పలేను. రెండోసారి మాత్ర ఆపిన మూడో రోజే మొదలైంది. సిల్క్ బోర్డు దగ్గర బస్సులో కూర్చున్నాను. కళ్లు పక్కకు తిప్పిన ప్రతిసారీ తలలో జివ్వుమని కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించేది. కిటికీలోంచి చూడలేక కళ్లు మూసుకుని దిగాను. తల తిరుగుడు, వికారం, తెల్లవార్లూ కలలు, ఊరికే కోపం. కుంగుబాటులో నాకు ఇవేవీ లేవు. మళ్లీ మాత్ర మొదలుపెడితే నాలుగో రోజుకు తగ్గాయి. కుంగుబాటు మీదైతే ఈ మందు పనిచేయడానికి వారాలు పడుతుంది. ఆ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు.

(ఆ రాత్రులు చెల్లెలి పక్కన పడుకున్నది నేనే. దుప్పటి కింద ఉలిక్కిపడుతుంటే చేతితో తెలిసేది. మేమందరం 'మళ్లీ వచ్చేసింది' అనుకున్నాం. అడిగి చూద్దామని ఒక్కరికీ తోచలేదు.)

మామయ్య: ఒంటికి అలవాటైన మందు పోతే ఒళ్లు గోల చేస్తుంది, కాదనను. కానీ దానికీ ఒక లెక్కుంది. కుంగుబాటు మందుల్లోనే పరాక్సెటీన్, వెన్లాఫాక్సిన్ లాంటివి ఒంట్లోంచి త్వరగా పోతాయి, వాటితో బాధ ఎక్కువ. ఫ్లూయోక్సెటీన్ వారాల తరబడి నిలుస్తుంది, దానితో తక్కువ. నీది నడిమి రకం, సగం పోవడానికి 30 గంటలు. 2024లో ఎన్నో పరిశోధనలు కలిపి చూస్తే, మానినవాళ్లలో నూటికి 31 మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. మందు లేని ఉత్త మాత్ర మానినవాళ్లలోనూ 17 మందికి వచ్చింది! తీవ్రంగా బాధపడింది 35 మందిలో ఒక్కరు. నువ్వే ఆ ఒక్కరివని ఎందుకు అనుకోవాలి?

చెల్లెలు: ఎవరో ఒకరు ఆ ఒక్కరు కావాలి కదా. పైగా ఆ లెక్కలో చాలామంది నాలా ఏళ్ల తరబడి వాడినవాళ్లు కారు.

మామయ్య: అప్పటి స్ట్రిప్ ఏమైనా ఉందా? చూపించు.

చెల్లెలు పాత మందుల చీటీల ఫైలు తెచ్చింది. అందులో ఖాళీ స్ట్రిప్ ఒకటి మడతపడి ఉంది. మామయ్య కళ్లజోడు పెట్టుకుని, వెండి రేకును గోటితో సాపు చేసి, కిటికీ వెలుతురుకు పట్టి చదివారు. ఆయన ముఖం మారడం నేను చూశాను.

మామయ్య: ఇది ఒక్క మందే కాదమ్మా. ఎస్సిటలోప్రామ్ 10, ఆందోళనకు ఇచ్చే క్లోనజెపామ్ 0.5. జోడు మాత్ర. దీన్ని సగం చేస్తే రెండూ సగమవుతాయి, ఆపితే రెండూ ఆగిపోతాయి. క్లోనజెపామ్‌ను ఇన్నేళ్లు వాడి రెండు వారాల్లో ఆపడమా? నిద్ర పట్టకపోవడం, వణుకు సరే, ఫిట్స్ వచ్చి ఉంటే? ఇలాంటి స్ట్రిప్పులు నా చేత్తో ఎన్ని ఇచ్చానో. మానేటప్పుడు ఎలా మానాలో ఒక్కరికైనా చెప్పానా?

చెల్లెలు: మీరే కాదు, నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పటి డాక్టరు మొదటి రోజే పట్టుకున్నారు. ముందు జోడు విడదీశారు. క్లోనజెపామ్‌ను విడిగా ఎనిమిది నెలలు తీసుకుని తగ్గించారు. ఇప్పుడు ఒక్క మందే ఉంది.

మామయ్య: అయితే అప్పుడు జబ్బు తిరగబెట్టిందని నేను అనుకున్నది తప్పు. అంత మాత్రాన ఇప్పుడు మానమని అనలేదు. ఎలా మానతావో చెప్పు, విని చెబుతాను.

చెల్లెలు: మందు మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని వెనక్కి లాక్కునే ద్వారాలను మూసి ఉంచుతుంది కదా. నా మందుకు మూలం సిటలోప్రామ్. నా 10కి అది 20 లెక్క. అది 20 మిల్లీగ్రాములు వేసుకుంటే నూటికి 80 ద్వారాలు మూతపడతాయి. 9కి తగ్గించినా 70 దాకా మూసే ఉంటాయి. మోతాదు సగానికి పైగా పోయినా తేడా పదే. కానీ దాదాపు 5 దగ్గర 60 మూసి ఉంటాయి. అక్కడి నుంచి సున్నాకు వస్తే ఆ 60 ఒక్కసారిగా తెరుచుకుంటాయి. పై మెట్లన్నీ జానెడు, చివరి మెట్టు నిలువెత్తు. పోయినసారి నేను దూకింది అక్కడి నుంచే. సులభంగా దిగుతున్నానని మొదట్లో సంబరపడ్డాను కూడా.

మామయ్య: మా రోజుల్లో 'వారం వారం సగం చేసి ఆపేయండి' అనేవాళ్లు.

చెల్లెలు: బ్రిటన్‌లోనూ అప్పట్లో 'వారంలో సర్దుకుంటుంది' అన్నవాళ్లే, 2022 మార్గదర్శకాల్లో మెల్లగా, కిందికి వచ్చేకొద్దీ ఇంకా చిన్న చిన్న మోతాదులతో తగ్గించమన్నారు. నాకు డాక్టరు 10 నుంచి 7.5, తర్వాత 5 రాశారు. ఒక్కో మెట్టు మీద కనీసం నాలుగు వారాలు. 5 కిందికి వచ్చాక మెట్లు ఇంకా చిన్నవి, గడువు ఇంకా ఎక్కువ. ఏడాది పట్టవచ్చన్నారు. బాధ ఎక్కువైతే ముందటి మెట్టు ఎక్కి కుదురుకునే దాకా అక్కడే ఉండాలి. ఇది నా ఒంటికి రాసిన లెక్క, ఇంకొకరికి ఇది సరిపోదు.

మామయ్య: రోజు విడిచి రోజు వేసుకోమన్నారా?

చెల్లెలు: వద్దన్నారు. ఒంట్లో మందు ఒక రోజు పెరిగి, ఒక రోజు తగ్గి ఊగుతుందట. రోజూ ఒకే వేళకు, తక్కువ మోతాదు.

మామయ్య: అది సరైన మాట. నీకు జబ్బు వచ్చింది ఒక్కసారే, బాగుపడి రెండేళ్లయింది, కాబట్టి వింటున్నాను. రెండు మూడు సార్లు వచ్చి ఉంటే కాళ్లు పట్టుకునైనా ఆపేవాణ్ణి. కానీ జబ్బు నిజంగానే తిరిగొస్తే ఎలా గుర్తుపడతావు? అన్నీ 'మందు మానిన బాధలే' అని సర్దిచెప్పుకుంటే? నా అసలు భయం అదే.

చెల్లెలు: (దీనికి వెంటనే బదులు రాలేదు.) ఆ భయం నాకూ ఉంది. వారాలు గడిచేకొద్దీ తగ్గకుండా దిగులు పెరుగుతూ, దేని మీదా మనసు నిలవకపోతే అది జబ్బేనేమో అని ముందు డాక్టరుకు ఫోను చేస్తాను. నిద్ర ఎన్ని గంటలు, తల ఎలా ఉంది, రోజూ క్యాలెండరులో రాస్తాను. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగను. మానసిక సహాయానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416కు ఏ వేళైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. హోసూరు రోడ్డు మీద మానసిక వైద్యశాల నిమ్హాన్స్ ఉంది.

మామయ్య: క్యాలెండరు నువ్వే రాస్తే చాలదు. కుంగినవాళ్లకు తాము కుంగుతున్నట్టు తెలియదు. మీ అక్క ఒక గడి రాయాలి. ఆదివారం ఆదివారం నాకు చదివి వినిపించాలి.

చెల్లెలు ఒప్పుకుంది. ఇంకో రెండు నెలలు ఆగమని ఆయన అన్నారు. ఆఫీసులో పని ఒత్తిడి లేని నెల ఇదేనని తను అంది. ఆ ఒక్కదాని మీద ఇద్దరికీ ఇప్పటికీ కుదరలేదు.

దీపం పెట్టాక చెల్లెలు 7.5 కోసం 5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి పక్కన ఉంచి, ఇంకొకటి స్టీలు పళ్లెంలో పెట్టి బ్లేడుతో కోసింది. రెండు ముక్కలు, కాస్త పొడి. మామయ్య ముక్కలు రెండూ అరచేతిలో వేసుకుని చూశారు.

మామయ్య: ఒకటి పెద్దదిగా ఉంది. పెద్దది ఈ రాత్రి వేసుకో, చిన్నది రేపు. ఒంట్లో నిలిచే మందు కాబట్టి ఆ తేడా సర్దుకుంటుంది. స్ట్రిప్ అంతా ముందే కోసి పెట్టకు, చెమ్మ పడుతుంది. రేపు నేను మాత్రలు కోసే పెట్టె కొనుక్కొస్తాను. బ్లేడు అవతల పడేయి.