ముందు ఫోన్ పక్క గదిలో పెట్టండి

పోయిన దీపావళి వేడుకల్లో భోజనాల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు నన్ను పక్కకు పిలిచారు. "అంకుల్, మీరు ఇంట్లోనే తూటాలు రీలోడ్ చేసుకుంటారట కదా. మేమూ మొదలుపెడదామనుకుంటున్నాం. ఏ మెషిన్ కొనమంటారు?" అని గొంతు బాగా తగ్గించి అడిగారు. టెక్సస్‌లో ఉంటూ, సెలవొస్తే తుపాకీ కాల్చే రేంజ్‌కి వెళ్తూ కూడా మన వాళ్లం ఈ మాట ఎవరికీ వినపడకూడదన్నట్టే మాట్లాడుకుంటాం. అలా గుసగుసలాడుకోవడం వల్ల తెలిసినవాళ్లు చెప్పరు, తెలియనివాళ్లు అడగరు. అందుకని నా మాట ఇక్కడ బాహాటంగానే చెబుతున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి ఏడాదంతా సింగిల్ స్టేజ్ ప్రెస్ అనే తూటాలు చేసే యంత్రం మీదే పని చేయాలి. పిడి ఒకసారి లాగితే ఒక్క పనే చేసే పాతకాలపు పద్ధతి అది. లాగిన ప్రతిసారీ ఒక తూటా తయారై పడే ప్రోగ్రెసివ్ మెషిన్ కొత్త చేతికి ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు తూటా సంగతి చెప్పాలి.

తూటాలో ఉండేవి నాలుగే. ఇత్తడి గొట్టం, దాన్ని అందరూ బ్రాస్ అంటారు. దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్. లోపల పౌడర్, అంటే తుపాకి మందు. మూతిలో బిగించిన బులెట్. పేల్చాక మిగిలేది బ్రాస్ ఒక్కటే. దాన్ని ఏరుకొచ్చి, శుభ్రం చేసి, పాత ప్రైమర్ తీసేసి, ఉబ్బిన గొట్టాన్ని డై అనే అచ్చులో మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ కూర్చి, తూచిన పౌడర్ పోసి, బులెట్ బిగించడమే రీలోడింగ్. అమెరికాలో సొంత వాడకానికైతే దీనికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. చేసి అమ్మాలంటే కావాలి.

ఈ పనిలో తూకమంతా గ్రెయిన్లలో ఉంటుంది. ఒక గ్రెయిన్ అంటే ఒకప్పుడు బార్లీ గింజ ఎత్తు, గ్రాములో పదిహేనో వంతు. నాకు ఈ లెక్క మొదట్లో పరాయిగా అనిపించేది. తర్వాత తెలిసింది, బ్రిటిష్ వాళ్లు 1833లో మన తులాన్ని 180 గ్రెయిన్లకు ఖాయం చేశారని. వేటకు వాడే .308 రైఫిల్‌లో 180 గ్రెయిన్ల బులెట్ మామూలే. అంటే మా నాయనమ్మ బంగారం తూయించుకున్న పాత తులమెంతో ఆ బులెట్ అంత. ఆ రోజు నుంచి నా స్కేల్ మీద అంకెలు నాకు సొంతవాళ్లలా కనిపిస్తున్నాయి.

పిస్టల్ తూటాలో పోసే పౌడర్ కొన్ని గ్రెయిన్లే. పౌడర్ తూకాలు ఇచ్చే రీలోడింగ్ మాన్యువల్‌లో మొదలుపెట్టమని చెప్పే తూకానికీ, ఇక దాటొద్దని చెప్పే తూకానికీ మధ్య చాలాసార్లు ఒక గ్రెయిన్ తేడా కూడా ఉండదు. కారు టైరులో గాలి 35 పీఎస్‌ఐ ఉంటుంది. 9 ఎంఎం పిస్టల్ తూటా పేలినప్పుడు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి 35,000 పీఎస్‌ఐ, .308కి 62,000. దాన్ని పట్టుకుని ఉండేది మన చేయి, మన మొహానికి జానెడు దూరంలో. అందుకే ప్రెస్ కన్నా ముందు మంచి స్కేల్, తాజా మాన్యువల్ కొనండి. పౌడర్ తూకం మాన్యువల్‌లోంచే తీసుకోండి, స్నేహితుడి నోటి మాట మీద కాదు. ఏ బులెట్‌కి ఏ పౌడర్ అని అందులో ఉందో అదే వాడాలి, అదీ కింది తూకం నుంచి మొదలుపెట్టి.

నా తప్పు ఒకటి చెప్పాలి. అప్పటికి నేను మొదలుపెట్టి ఎనిమిది నెలలు. ఉత్సాహం కొద్దీ ప్రోగ్రెసివ్ మెషిన్ కొనేశాను. ఒక రాత్రి తొమ్మిదిన్నరకి గ్యారేజ్‌లో పని చేసుకుంటుంటే ఇంటి నుంచి ఫోన్. మన ఊళ్లో పొద్దున ఎనిమిదింటికి అమ్మ కాఫీ తాగి మాట్లాడే టైమ్ అది. పిడి సగంలో వదిలేసి మాట్లాడాను. నాన్నకి బీపీ, పొలం కౌలు, పక్కింటి పెళ్లి, అలా ఇరవై నిమిషాలు. తిరిగొచ్చి పిడి లాగాను. ఎక్కడ ఆపానో గుర్తుందనే అనుకున్నాను.

ఆ శనివారం రేంజ్‌లో నాలుగో తూటానో ఐదోదో, "ఢాం" అనాల్సింది "టప్" అంది. పేలగానే వెనక్కి జరగాల్సిన పిస్టల్ పైభాగం, అంటే స్లైడ్, వెనక్కి రాలేదు. తూటా పట్టేసిందేమోనని స్లైడ్ లాగబోయాను. రేంజ్ ఆఫీసర్ వెనక నుంచి ఒక్క అరుపు అరిచి నా చేయి ఆపించాడు. ఆ తూటాలో పౌడర్ లేదు. ప్రైమర్ ఒక్కటే పేలి, బులెట్‌ని బ్యారెల్‌లోకి అంగుళం తోసి వదిలేసింది. నేను స్లైడ్ లాగి ఇంకోటి పేల్చి ఉంటే ముందు బులెట్ దారికడ్డంగా ఉంది కాబట్టి బ్యారెల్ చీలిపోయేది. గన్‌స్మిత్ ఇత్తడి కడ్డీతో మెల్లగా కొట్టి దాన్ని బయటికి తీశాడు. ఆ రోజు ఇంటికి వచ్చి, చేసిన మూడు వందల తూటాలూ ఒక్కొక్కటీ విప్పాను. నాలుగు సాయంత్రాలు పట్టింది.

సింగిల్ స్టేజ్ అయితే ఈ తప్పు జరగదని కాదు, జరిగినా కంటపడుతుంది. యాభై బ్రాస్‌లు రంధ్రాలున్న చెక్క పలకలో నిలబెడతాం. అన్నిటికీ ప్రైమర్లయ్యాక అన్నిటికీ పౌడర్. బులెట్లు బిగించే ముందు టార్చి లైటు వంచి పట్టుకుని పై నుంచి వరసగా చూడాలి. యాభై చిన్న బావుల్లో నీటిమట్టం చూసినట్టుంటుంది. ఒకటి ఖాళీగా ఉంటే నల్లగా గుంటలా కనిపిస్తుంది, రెండుసార్లు పోస్తే పైకి ఉబికి ఉంటుంది. ఆ చూపు అలవాటు కావడానికే నేను ఏడాది అడుగుతున్నది. ఇప్పుడు నా ఫోన్ గ్యారేజ్‌లోకి రాదు. ఆదివారం పొద్దున పని చేస్తానని అమ్మకీ చెప్పాను, అప్పుడు ఆవిడా ఫోన్ చేయదు.

డబ్బు మిగులుతుందని మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. రైఫిల్ తూటాలకు ఎంతో కొంత మిగులుతుంది, నిజమే. కానీ 2020 చివర్లో ప్రైమర్లు అంగళ్లలో కనపడకుండా పోయినప్పుడు ఆ లెక్కలన్నీ తలకిందులయ్యాయి. అసలు మిగిలేది, మన రైఫిల్‌కి సరిపడిన తూటా మనమే చేసుకున్నామన్న తృప్తి.

ఇంట్లో ఆడవాళ్లు అడిగే ప్రశ్న, "పిల్లలున్న ఇంట్లో ఇదేంటి?" అని. న్యాయమైన ప్రశ్న, జవాబు ఉండి తీరాలి. చాలా ప్రైమర్లలో సీసం ఉంటుంది. వాడిన బ్రాస్‌ని తిప్పి తిప్పి శుభ్రం చేసే టంబ్లర్ దుమ్ములో ఆ సీసం ఉంటుంది. పసిపిల్లలకు అది ఏ కొంచెమైనా చెడే. ఇత్తడి బిందెని అమ్మ చింతపండుతో తోమినట్టు బ్రాస్‌ని కూడా పులుపుతో తళతళలాడించవచ్చు, కానీ వంటింటి సింకులో మాత్రం వద్దు, వంటగిన్నెల్లో అసలు వద్దు. బల్ల దగ్గర తినొద్దు, తాగొద్దు. చేతులు కడుక్కోకుండా పాపని ఎత్తుకోవద్దు.

ఇంకొక అలవాటు మనవాళ్లకే ప్రత్యేకం. బూస్ట్ సీసాలో కందిపప్పు, బిస్కెట్ డబ్బాలో సూదీ దారం. పౌడర్ విషయంలో ఈ పొదుపు ప్రాణాంతకం. ఏ పౌడర్‌నైనా వచ్చిన డబ్బాలోనే ఉంచాలి, బల్ల మీద ఒకసారి ఒక్క డబ్బానే ఉండాలి. అగ్నిమాపక ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 495 ప్రకారం ఇంట్లో అసలు డబ్బాల్లో 20 పౌండ్ల వరకు పెట్టుకోవచ్చు. అది దాటితే, 50 పౌండ్లకు మించకుండా, అంగుళం మందం చెక్కపెట్టెలో. ప్రైమర్లయితే పది వేలు. ఇనప బీరువా ఎందుకు కాదంటే, పౌడర్ బయట అంటుకుంటే భగ్గున మండుతుంది అంతే, గట్టిగా మూసిన ఇనుములో అదే బాంబవుతుంది. చెక్క ఒత్తిడికి విడిపోతుంది. మీ ఊరి ఫైర్ కోడ్ ఇంకా కఠినంగా ఉండొచ్చు, చూసుకోండి.

చివరి సంగతి అన్నిటికన్నా ముఖ్యం. హెచ్‌-1బీ, ఎఫ్‌-1, ఎల్‌-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. చాలామందికి తెలియనిది, ఆ చట్టం దృష్టిలో ఖాళీ బ్రాస్, ప్రైమర్, బులెట్, పౌడర్ ఇవన్నీ కూడా తూటాలే. "తుపాకీ కొనలేదు కదా, బ్రాస్ ఏరుకొచ్చి దాచుకున్నాను" అంటే కుదరదు. లాయర్‌ని అడగకుండా ఒక్క డబ్బా కూడా ఇంట్లో పెట్టొద్దు, గ్రీన్ కార్డు దాకా వచ్చిన ఏళ్ల శ్రమ పోతుంది. అలాగే రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగ్‌ని ఇండియా ప్రయాణానికి వాడొద్దు. అడుగున ఒక తూటా మిగిలిపోయి శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు. తెలియక జరిగిందని కోర్టులో తేల్చుకునేసరికి వచ్చిన సెలవంతా అయిపోతుంది.

ఆ ఇద్దరు కుర్రాళ్లలో ఒకరికి గ్రీన్ కార్డు ఉంది, ఇంకొకరికి ఇంకా లేదు. రెండోవాడికి ఆగమని చెప్పాను, బాధపడ్డాడు గానీ ఆగాడు. మొదటివాడు నెలకు రెండు ఆదివారాలు మా గ్యారేజ్‌కి వస్తున్నాడు. ఇంకా ప్రెస్ కొనలేదు. పోయిన వారమే టార్చి పట్టుకుని పలక చూస్తూ, "అంకుల్, మూడో వరసలో ఇది కొంచెం తక్కువగా ఉందేమో" అన్నాడు. తూచి చూశాం. నిజంగానే తక్కువగా ఉంది.