మఠం నిద్ర గారికి

మధ్యధరా తీరాన మఠాలుగా పుట్టి, హోటళ్లుగా స్థిరపడిన మహారాజశ్రీ మఠం నిద్ర గారికి,

హైదరాబాద్ నుంచి మీ మాజీ అతిథి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నా మోకాళ్లు తప్ప అందరం క్షేమం. అక్కడ మీరు క్షేమమేనని మీ రేట్లు చూస్తేనే తెలుస్తోంది.

మా వైపు ఒక మాట ఉంది. ఇల్లూ వాకిలీ లేకుండా తిరిగేవాడిది 'సత్రం భోజనం, మఠం నిద్ర' అంటారు. డిగ్రీలో ఒక సబ్జెక్టు పోయినప్పుడు మా నాన్న నాకు చెప్పిన జాతకం అదే. నేను మాత్రం ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేశాను, పీఎఫ్‌లో కొంత తీశాను, పెళ్లయిన పాతికేళ్లకు మా ఆవిడను వెంటబెట్టుకుని ఇటలీ వెళ్లాను. వెళ్లి మఠంలోనే పడుకున్నాను. ఆయన నోటి మాట ఊరికే పోలేదు. కాకపోతే ఆ నిద్ర రాత్రికి మా ఫ్లాట్ రెండు నెలల అద్దెంత పలుకుతుందని ఆయన అనుకుని ఉండడు.

తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. మా ఆవిడ శుభ్రంగా లిఫ్టు, స్విమ్మింగ్ పూల్ ఉన్న కొత్త హోటల్ చూపించింది. 'అలాంటివి మన గచ్చిబౌలిలో లేవా? అంత దూరం వెళ్లి చరిత్రలో పడుకోవద్దూ?' అన్నాను. ఆ వాక్యం ఇప్పటికీ మా ఇంట్లో వారానికి ఒకసారైనా వినిపిస్తూ ఉంటుంది.

మీ వంశం గొప్పది, కాదనను. సిసిలీలో తావోర్మినా ఊళ్లోని సాన్ డొమెనికోనే తీసుకోండి. 14వ శతాబ్దపు డొమినికన్ మఠం, 1896లో హోటల్ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనాధికారులు అందులో మకాం పెడితే 1943 జూలైలో మిత్రరాజ్యాల బాంబులు పడ్డాయి. చర్చి పోయి గంట గోపురం మిగిలింది. ఈమధ్య ఒక అమెరికన్ టీవీ సీరియల్ షూటింగ్ అక్కడ జరిగింది. ఇక చూడండి, వందల ఏళ్ల ప్రార్థనలకు రాని పేరు ఒక్క సీజన్‌తో వచ్చేసింది. ఇటలీలోనే అమాల్ఫీ కొండ మీద సముద్రంలోకి తొంగి చూసే కపుచిన్ సన్యాసుల మఠం 13వ శతాబ్దంది, అదీ హోటలే. 1899లో కొండచరియ విరిగి ఒక పక్క కూలిపోయినా వ్యాపారం మానలేదు. గ్రనాడాలో ఆల్హంబ్రా కోట లోపల ఉన్న ఫ్రాన్సిస్కన్ మఠం ఇప్పుడు స్పెయిన్ ప్రభుత్వం నడిపే పరాడోర్, అంటే సర్కారీ హోటల్. ఇసబెల్లా రాణిని, ఆమె భర్త ఫెర్డినాండ్‌ను మొదట సమాధి చేసింది అక్కడే. 1521లో వాళ్లను రాజుల ప్రార్థనాలయానికి తరలించారు. నాకు తెలిసి అక్కడ రద్దీ సీజన్‌లో గది ఖాళీ చేసిన పెద్దవాళ్లు వాళ్లిద్దరే.

అన్నట్టు, ఇస్తాంబుల్ సుల్తానహ్మెత్‌లో ఒకప్పటి శ్రీకృష్ణ జన్మస్థానం కూడా 1996లో ఫైవ్ స్టార్ అయింది. అది మధ్యధరా కాదు, మఠమూ కాదు. కానీ చిన్న గదులు, లావు గోడలు ఉన్నాయి కనుక మీకు మేనత్త వరస అవుతుంది.

అయితే మీ కుటుంబంలో నాకు బాగా నచ్చింది అమాల్ఫీలోనే ఉన్న లూనా కాన్వెంట్. 1222లో సెయింట్ ఫ్రాన్సిస్ స్వయంగా స్థాపించాడని చెప్పుకుంటారు. 1879లో నార్వే నాటకకర్త ఇబ్సెన్ నాటకం రాసుకుంటూ అక్కడే దిగాడు. ఈ ఫ్రాన్సిస్ ఎవరు? బట్టల వర్తకుడి కొడుకు. ఆస్తి అక్కర్లేదని అసిసీలో బిషప్ ఎదుట ఒంటి మీది బట్టలు కూడా విప్పి తండ్రి చేతిలో పెట్టినవాడు. మీరు ఆ సంప్రదాయం ఏమాత్రం వదల్లేదు. చెక్ అవుట్ కౌంటర్ దగ్గర అతిథుల చేత అదే పని చేయిస్తున్నారు.

ఇంకో సంప్రదాయాన్ని మాత్రం తిరగేశారు. ఒకప్పుడు మీ గడప దాటాలంటే 'నాకంటూ ఏమీ లేదు' అని ప్రమాణం చేయాలి. ఇప్పుడు ఉందని రుజువు చేయాలి. ఇటలీ వెళ్లడానికి కావలసిన షెంజెన్ వీసాకి 90 యూరోల ఫీజు, 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, జీతం స్లిప్పులు, మీ బుకింగ్ కాగితం. ఏదో ఒక కాగితం తక్కువై వెనక్కి పంపుతారేమోనని నెల రోజులు టెన్షన్. సన్యాసం పుచ్చుకోవడమే సులువేమో అనిపించింది.

ఇన్ని మఠాలు హోటళ్లు ఎందుకయ్యాయా అని తిరిగొచ్చాక చదివాను. స్పెయిన్‌లో 1836లో మెందిసాబల్ అనే ప్రధాని మఠాల ఆస్తులు ప్రభుత్వపరం చేసి వేలం వేయించాడు. ఇటలీలో 1866 చట్టం సన్యాసుల సంఘాలను రద్దు చేసి భవనాలు లాక్కుంది. సరిగ్గా ఆ కాలంలోనే ఉత్తరాది చలికి ఊపిరితిత్తులు పాడైన ఇంగ్లిష్‌వాళ్లు, జర్మన్లు ఎండ కోసం దక్షిణానికి దిగుతున్నారు. వాళ్లకు కొండ మీద పొడవాటి వరండా, దాని వెంట వరసగా గదులు, ఒక పెద్ద భోజనశాల, మధ్యలో బావి ఉన్న తోట కనిపించాయి. హోటల్ ప్లాన్ ఆరు వందల ఏళ్ల ముందే ఎవరో గీసిపెట్టినట్టు లేదూ! పాపం, ఆ సన్యాసులు లోకం వద్దనుకుని కొండెక్కారు. లోకం చక్రాల సూట్‌కేసులు లాక్కుంటూ వెనకే వచ్చింది.

ఆ చక్రాల సంగతి చెప్పాలి. నేను దిగిన మీ శాఖ పేరు చెప్పను. పాత ఊళ్లోకి కార్లు రానివ్వరు కనుక టాక్సీ మమ్మల్ని కింద దించేసింది. అక్కడి నుంచి 127 మెట్లు. నేను లెక్కపెట్టాను, మా ఆవిడ లెక్కపెట్టకుండానే నా వైపు చూసింది. లిఫ్టు లేదా అంటే రిసెప్షన్‌లో అమ్మాయి గర్వంగా 'ఇది రక్షిత కట్టడం సార్' అంది. నిజమే, పురావస్తు శాఖ అనుమతి లేకుండా గోడకు మేకు కొట్టినా నేరమే అక్కడ. ఆ చట్టం మీకెంత కలిసొచ్చిందో! కిటికీ చిన్నదంటే రక్షిత కట్టడం. వైఫై గోడ దాటదంటే రక్షిత కట్టడం. స్నానాల గదిలో మోచేయి తలుపుకి తగులుతోందంటే, 'అది సన్యాసి బట్టల అల్మరా సార్, చరిత్ర.' ఉన్నది రెండు జతలే అయిన మనిషికి అల్మరా ఎందుకని అడగబోయి ఊరుకున్నాను.

గది ఒక మనిషి కోసం కట్టింది. ఒంటరితనమే ఆయన సాధన. అందులో డబుల్ బెడ్ వేశారు. ఇక మిగిలిన నేల మీద నిలబడగలిగేది ఒక్కరే, రెండోవాళ్లు మంచమెక్కాలి. పాతికేళ్ల కాపురంలో ఇంత క్రమశిక్షణగా మేమెప్పుడూ లేము. 'సీ వ్యూ'కి వేరే డబ్బు కట్టాను. కిటికీ ఛాతీ ఎత్తులో ఉంది, నా అరచేతులు రెండూ పక్కపక్కన పెడితే ఎంతో అంత. సన్యాసికి సముద్రం కూడా ప్రలోభమే అనుకున్నారు కాబోలు. మెడ ఎడమకి తిప్పి, బుగ్గ రాయికి ఆనిస్తే నీలం రంగు కనిపించింది. అంత నీలం నేను జన్మలో చూడలేదు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

మర్నాడు పొద్దున సన్యాసుల తోటలో నిమ్మచెట్ల కింద కాఫీ తాగాం. కపుచినోకి ఆ పేరు కపుచిన్ సన్యాసుల గోధుమరంగు అంగీ వల్ల వచ్చిందట. దరిద్రాన్ని వ్రతంగా పట్టినవాళ్ల పేరు పెట్టుకున్న ఆ కాఫీ మీ దగ్గర కప్పు తొమ్మిది యూరోలు. మెట్లు దిగి వీధి చివర బార్‌లో నిలబడి తాగితే అందులో ఆరో వంతు. తిరిగి 127 మెట్లు ఎక్కాలి కనుక మీకు పోటీ లేదు.

అంత చేసీ ఫొటోలు బాగా వచ్చాయి. ఆ లావు గోడలు, ఆ మసక వెలుతురులో మా ఆవిడ పెళ్లినాటి కంటే బావుంది. ఈ మాట ఆవిడకి చెబితే 'మసక వెలుతురులోనా?' అంది.

ఊరొచ్చాక అమ్మకి చూపించాను. మా అమ్మ మనవడు పుట్టినప్పుడు తిరుమల వెళ్లి, దేవస్థానం గదులు దొరక్క, ఎవరినో బతిమాలి ఒక మఠంలో గది సంపాదించింది. అప్పుడు నేను గది ఇరుకని, బకెట్‌కి చెవి లేదని, వేణ్నీళ్లు రావడం లేదని రాత్రంతా సణిగానట. ఆవిడ మర్చిపోలేదు. ఫొటో దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇదీ మఠమేగా?"

"అవునమ్మా."

"అదీ అంతే గది కదరా."

నేను మాట మార్చి 1866 చట్టం, సన్యాసులను పంపేయడం, ఆ చరిత్రంతా చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "వాళ్లలో ఎవరైనా ఇప్పుడొస్తే ఓ రాత్రి పడుకోనిస్తార్రా?" అని అడిగింది.

నాకు తెలియదు. మీ వెబ్‌సైట్‌లో వెతికాను, గదుల రకాల్లో అది లేదు. తమరే తిరుగు టపాలో తెలియజేయగలరు. బ్రేక్‌ఫాస్ట్ లేకపోయినా పర్లేదట.

ఇట్లు,
రూమ్ నంబర్ 14, ఎడమవైపు కిటికీ